‘గె’ లేని క్రియ: జర్మన్లు మలోఖెన్ అనే మాటను ఎక్కడి నుంచి తెచ్చుకున్నారు?

జర్మనీలో, డోర్ట్‌మండ్‌లో మేముండే బిల్డింగ్‌లో కింది ఇంట్లో ఒక పెద్దాయన ఉంటారు. ముప్పై ఏళ్లు బొగ్గు గనిలో చేసి రిటైరయ్యారు. ఆయన ముంజేతుల మీద, కణత పక్కన నీలం గీతల్లాంటి మచ్చలుంటాయి, చెరిగిపోయిన పచ్చబొట్టులాగా. అవేంటో ఆయన చెప్పకముందే నాకు తెలుసు, ఎందుకంటే గోదావరిఖనిలో మా మేనమామ చేతుల మీదా అవే ఉండేవి. దెబ్బ తగిలిన చోట బొగ్గుపొడి దూరి, పైన చర్మం మానిపోతే, ఆ నలుపు లోపలే ఉండిపోయి బయటికి నీలంగా కనబడుతుంది.

ఒకరోజు గోదాములో షిఫ్ట్ అయిపోయి ఇంటికొస్తుంటే మెట్ల మీద ఎదురై, ఎలా గడిచిందని అడిగారు. ఆ వారమే నేర్చుకున్న మలోఖెన్ అనే క్రియ వాడి జవాబు చెప్పాను: ఈరోజు బాగా ‘గెమలోఖ్ట్’ అని. ఆయన వెంటనే సరిదిద్దారు. “మలోఖ్ట్. ముందు గె పెట్టకు.” ఎందుకు పెట్టకూడదు అంటే, “మేం ఇక్కడ అట్లాగే అంటాం, చిన్నప్పటి నుంచీ అంతే” అన్నారు. ఆ మాట డోర్ట్‌మండ్ ఉన్న ఈ రూర్ ప్రాంతపు గని కార్మికులదేనని ఆయన నమ్మకం. అది యూరప్ యూదుల భాష యిడ్డిష్ నుంచి వచ్చిన మాట అంటే ఆయనకు ఆశ్చర్యం వేసింది. నిజానికి ఆయన పెట్టొద్దన్న ఆ ఒక్క అక్షరమే ఈ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో చెప్పే సాక్ష్యం, అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు అర్థం. పని చేయడానికి జర్మన్‌లో మామూలు మాట ఆర్బైటెన్. ఆఫీసులో కూర్చుని చేసినా, పొలంలో చేసినా, డాక్టర్ చేసినా, డ్రైవర్ చేసినా ఆర్బైటెన్ అనే అంటారు. మలోఖెన్ అంటే మాత్రం ఒళ్లు హూనమయ్యేలా చేసే పని, మనం గొడ్డుచాకిరీ అంటామే, అది. దాని నామవాచకం మలోఖె, ఆ పని చేసేవాడు మలోఖర్. ఇందులో ‘ఖ’ని మనం ‘ముఖం’లో పలికే ఖలాగా కాకుండా, ఉర్దూలో ‘ఖబర్’ అన్నప్పుడు గొంతులోంచి గీరుకుంటూ వచ్చే ఖలాగా పలకాలి. నిఘంటువులు దీన్ని వాడుక మాటల్లో, కొంచెం మొరటు మాటల్లో చేరుస్తాయి, అంటే ఉద్యోగం దరఖాస్తులో రాసే మాట కాదు. రూర్ ప్రాంతంలో అయితే ‘మలోఖెకి వెళ్తున్నా’ అంటే మన దగ్గర ‘డ్యూటీకి పోతున్నా’ అన్నంత మామూలు.

ఇప్పుడు ఆ ‘గె’ సంగతి. జర్మన్ నేర్చుకున్నవాళ్లందరికీ ఇది తెలిసిన తలనొప్పే. జరిగిపోయిన పని చెప్పాలంటే చాలా క్రియలకు ముందు గె చేరుతుంది: ష్పీలెన్ అంటే ఆడటం, గెష్పీల్ట్ అంటే ఆడేశాను. కానీ ష్టుడీరెన్, టెలెఫొనీరెన్ లాంటివాటికి ఆ గె రాదు. క్లాసులో మాకు ‘ఈరెన్’తో ముగిస్తే గె రాదు అని ఒక చిట్కా చెప్పి వదిలేశారు. అసలు సూత్రం వేరే. మాటలో మొదటి అక్షరం మీద ఒత్తు (రాతలో ఒత్తు కాదు, పలుకులో ఊనిక) పడితేనే గె చేరుతుంది, ఒత్తు లోపలి అక్షరం మీద పడితే చేరదు. తెలుగులో మనం ఏ అక్షరాన్ని ఒత్తి పలుకుతున్నామో పెద్దగా పట్టించుకోం కానీ, జర్మన్‌లో అది వ్యాకరణాన్నే మార్చేస్తుంది. అచ్చ జర్మన్ మాటలు చాలావరకు మొదటి అక్షరాన్ని ఒత్తుతాయి. మలోఖెన్‌లో ఒత్తు ‘లో’ మీద పడుతుంది. అంటే ఇది బయటి నుంచి వచ్చిన మాట, పైగా వచ్చినప్పటి తన ఒత్తును ఇంతవరకూ వదల్లేదు.

మన భాషలోనూ ఇలాంటి మచ్చ ఒకటుంది. సతాయించు, బనాయించు, చలాయించు, దబాయించు. వీటిలో ‘ఆయించు’ అని సాగే ఆ ‘ఆ’ ఎక్కడిది? హిందీ సతానా, బనానా, చలానాల్లోది. చివర మన ‘ఇంచు’ తగిలించుకుని తెలుగు క్రియ చేసుకున్నాం, అయినా పుట్టిల్లు తాలూకు దీర్ఘం మధ్యలో అలాగే ఉండిపోయింది. మలోఖెన్‌కి కూడా జర్మన్లు చివర తమ ‘ఎన్’ తగిలించుకున్నారు, మధ్యలో ఒత్తు మాత్రం యిడ్డిష్‌దే.

యిడ్డిష్‌దే అని అంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మూల పదం హీబ్రూలో మెలాఖా, ఒత్తు చివరి అక్షరం మీద. ఈ మాటను జర్మన్ పండితులెవరో బైబిల్ హీబ్రూ చదువుకుని తెచ్చి ఉంటే అది ‘ఆ’తో వచ్చేది. మధ్య యూరప్ యూదులు, అంటే అష్కెనాజీలు, హీబ్రూ పదాల్లోని ఆ అచ్చును ‘ఓ’గా పలికేవాళ్లు, చివరి దీర్ఘాన్ని పొట్టి చేసి ‘ఎ’ అనేవాళ్లు, ఒత్తును చివరి నుంచి ఒకడుగు వెనక్కి జరిపేవాళ్లు. మెలాఖా వాళ్ల నోట మెలోఖె అయింది. ఈ మూడు మార్పులూ ఉన్నవి ఉన్నట్టు మలోఖెన్‌లో దొరుకుతాయి. పుస్తకంలోంచి ఎత్తుకున్న మాటకు ఈ గుర్తులు ఉండవు. పక్కపక్కన బతికిన మనుషులు ఒకరి నోటి నుంచి ఒకరు విని అందుకున్న మాట ఇది, నాకు ఇందులో అన్నిటికన్నా విలువైన సంగతి అదే.

యిడ్డిష్ అంటే ఏంటో తెలియనివాళ్ల కోసం కొంచెం. దాదాపు వెయ్యేళ్ల కిందట రైన్ నది ఒడ్డున మైన్జ్, వర్మ్స్, స్పెయర్ లాంటి ఊళ్లలో స్థిరపడ్డ యూదులు చుట్టుపక్కల వాళ్ల జర్మన్‌నే మాట్లాడుతూ, పూజకీ చదువుకీ సంబంధించిన హీబ్రూ, అరామిక్ మాటల్ని అందులో కలుపుకుంటూ, హీబ్రూ అక్షరాల్లో రాసుకుంటూ పోగా తయారైన భాష. తర్వాత తూర్పుకి, పోలండ్ వైపుకి వలస వెళ్లినవాళ్ల నోట స్లావిక్ మాటలు కూడా కలిసి తూర్పు యిడ్డిష్ అయింది, జర్మన్ ప్రాంతాల్లో ఉండిపోయినది పడమటి యిడ్డిష్. తేదీ తెలిసిన యిడ్డిష్ వాక్యాల్లో అన్నిటికన్నా పాతది 1272 నాటిది. వర్మ్స్ యూదుల ప్రార్థన గ్రంథంలో, ఒక హీబ్రూ మాటను పెద్ద అక్షరాలతో రాసి, ఆ అక్షరాల లోపల ఖాళీల్లో చిన్నగా ఇరికించి రాశారు. ఈ గ్రంథాన్ని ప్రార్థనా మందిరానికి మోసుకెళ్లేవాడికి మంచిరోజు కలగాలి అని దాని భావం. గ్రంథం అంత పెద్దది, అంత బరువు. మొదట మన చేతికి దొరికిన యిడ్డిష్ వాక్యమే ఒక మోతగాడికి ఆశీర్వాదం, అది చదివినప్పటి నుంచి నా మనసులోంచి పోలేదు.

సరే, యిడ్డిష్‌లో మెలోఖె అంటే గొడ్డుచాకిరీయేనా? కాదు, అసలు చిక్కు ఇక్కడే ఉంది. యిడ్డిష్‌లో మెలోఖె అంటే చేతిపని, వృత్తి, పనితనం. బాల్‌మెలోఖె అంటే ఒక వృత్తి చేతిలో ఉన్నవాడు: దర్జీ, చెప్పులు కుట్టేవాడు, వడ్రంగి. అందులో చులకన లేదు.

ఇంకా వెనక్కి, హీబ్రూలోకి వెళ్తే ఆ మాట మరీ పైకి వెళ్తుంది. ఆదికాండం రెండో అధ్యాయంలో దేవుడు ఏడో రోజున తన పని ముగించి విశ్రమించాడు అనే చోట, రెండే రెండు వచనాల్లో మూడుసార్లు వచ్చే మాట ఈ మెలాఖానే. సృష్టి చేయడం మెలాఖా. నిర్గమకాండంలో ఆరాధన కోసం గుడారాన్ని కట్టేటప్పుడు నేతగాళ్లు, కంసాలులు, వడ్రంగులు చేసే పని మెలాఖా. ఐగుప్తులో బానిసలుగా మట్టి మోసి ఇటుకలు చేసిన చాకిరీకి హీబ్రూలో వేరే మాట ఉంది, అవోదా. అది బానిస అనే మాటతో పుట్టిన పదం. తెలుగు బైబిల్లో విశ్రాంతి దినాన ఏ పనీ చేయకూడదు అని చదివినప్పుడు మనకు కనబడేది ‘పని’ ఒక్కటే, అక్కడ మూలంలో నిషేధించింది మెలాఖాని.

నిషేధం అంటే దేన్ని? యూదుల ధర్మశాస్త్ర సంకలనం మిష్నా, నలభైకి ఒకటి తక్కువ అంటూ 39 రకాల పనులు లెక్క చెబుతుంది. విత్తడం, దున్నడం, కోయడం, పిండి పిసకడం, రొట్టె కాల్చడం, ఉన్ని కత్తిరించడం, నూలు వడకడం, ముడి వేయడం, ముడి విప్పడం, రెండు అక్షరాలు రాయడం, నిప్పు రాజేయడం, ఆర్పడం, కట్టడం, కూల్చడం, సుత్తితో ఆఖరి దెబ్బ వేయడం, ఇంట్లోంచి వస్తువును వీధిలోకి మోసుకెళ్లడం. దీన్ని కొంచెం నిదానంగా చూడండి. రెండు అక్షరాలు రాయడానికి ఎంత కష్టం? ఏమీ లేదు, అయినా అది నిషిద్ధం. ఇంట్లో బరువైన బల్లని ఈ గోడ నుంచి ఆ గోడకు జరపడానికి నడుం విరుగుతుంది, కానీ ఈ 39లో అది లేదు. అంటే మెలాఖాని కొలిచే కొలబద్ద చెమట కానే కాదు. మనిషి బుద్ధిపూర్వకంగా లోకంలో ఒక మార్పు తెచ్చాడా, ఒకటి తయారు చేశాడా, ఉన్నదాన్ని ఇంకోలా మలిచాడా అన్నదే లెక్క. చెమటతో సంబంధమే లేని ఆ మాట జర్మన్‌లోకి వచ్చి చెమట ఒక్కదానికే పేరైంది, పనితనం పూర్తిగా జారిపోయింది.

ఇంకొకటి చెప్పి ముందుకెళ్తాను. మెలాఖా పుట్టిన ధాతువుకు అర్థం ‘పంపడం’. దాన్నుంచే మలాఖ్ వచ్చింది, అంటే పంపబడినవాడు, దూత, దేవదూత. తెలుగు బైబిల్లో పాత నిబంధన ఆఖరి గ్రంథం పేరు మలాకీ, ‘నా దూత’ అని అర్థం. ఉర్దూలో దేవదూతలను మలాయక అంటారే, అరబ్బీ నుంచి వచ్చిన ఆ మాటకూ ఇదే వేరు. గనిలో బొగ్గు తవ్వే మలోఖరూ ఆకాశంలో దేవదూతా ఒకే ధాతువు బిడ్డలు.

మరి అంత ఎత్తున ఉన్న మాట ఎందుకు అంత కిందికి దిగింది? దీనికి రెండు వైపుల నుంచి జవాబు వెతకాలి అనిపిస్తుంది నాకు. ఒకటి, ఆ మాటను ఎవరు చేరవేశారు. రెండు, జర్మన్‌లో ఆ సమయానికి ఏ ఖాళీ ఉంది.

చేరవేసినవాళ్లు ముందు. పదిహేను, పదహారు శతాబ్దాల్లో జర్మన్ నగరాలు చాలావాటి నుంచి యూదులను వెళ్లగొట్టారు. చేతివృత్తుల సంఘాల్లో వాళ్లకు చోటు లేదు, భూమి కొనడానికి చాలాచోట్ల హక్కు లేదు. మిగిలింది పల్లెల్లో పశువుల బేరం, మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మడం, అదీ లేనివాళ్లకు అడుక్కోవడం. అదే దారుల మీద పని పోయిన సైనికులు, దేశదిమ్మరులు, జిప్సీలని పిలిచే రోమా జనం, కత్తులు సానబెట్టేవాళ్లు, దొంగలు, దొంగలని ముద్ర పడ్డవాళ్లు కూడా తిరిగేవాళ్లు. వీళ్లందరి మధ్య బయటివాళ్లకు అర్థం కాకుండా మాట్లాడుకోవడానికి రోట్‌వెల్ష్ అనే మారుభాష నడిచేది. వ్యాకరణం జర్మన్‌ది, మాటలు యిడ్డిష్ నుంచీ, రోమా జనం భాష రోమానీ నుంచీ. ఈరోజు జర్మనీలో మామూలుగా వినబడే క్నాస్ట్ అంటే జైలు, గనోవె అంటే దొంగ, ప్లైటె అంటే దివాళా, ఇవన్నీ యిడ్డిష్ నుంచి ఆ దారినే వచ్చినవి. మలోఖెన్ కూడా ఆ గుంపులోదే.

ఈ మారుభాష గురించి మనకు తెలిసిందంతా దాదాపుగా పోలీసులు, కోర్టులు రాసుకున్న జాబితాల నుంచే. 1510 ప్రాంతంలో బిచ్చగాళ్ల మోసాల మీద అచ్చయిన ఒక చిన్న పుస్తకం చివర ఈ మాటల పట్టిక ఉంది. దానికి 1528లో మార్టిన్ లూథర్ ముందుమాట రాసి, తననూ ఇలాంటివాళ్లు మోసం చేశారని చెప్పి, ఇందులో హీబ్రూ మాటలు చాలా ఉన్నాయి కాబట్టి ఈ భాష యూదుల నుంచే వచ్చిందని తేల్చేశాడు. పందొమ్మిదో శతాబ్దంలో దీని మీద నాలుగు భాగాల పెద్ద గ్రంథం రాసినాయన ల్యూబెక్ నగర పోలీసు అధికారి. పేదవాళ్ల మాటలను పోలీసులు రాసుకుంటే ఆ మాటలన్నిటికీ నేరం రంగు అంటుకుంటుంది. యిడ్డిష్ అంటేనే దొంగ భాష అనే నింద అలాగే పాతుకుపోయింది, చదువుకున్నవాళ్లు కూడా ఆ నిందను శతాబ్దాల పాటు మోశారు. యిడ్డిష్ మాట్లాడినవాళ్లలో దర్జీలు, పంతుళ్లు, వంటింట్లో పిల్లలకు కథలు చెప్పే తల్లులు ఉన్నారు. వాళ్ల మాటలను మాత్రం ఏ పోలీసూ రాసుకోలేదు.

ఇక రెండో వైపు, జర్మన్‌లోని ఖాళీ. ఆర్బైట్ అనే మాటకు మధ్యయుగపు జర్మన్‌లో అర్థం కష్టం, బాధ, అగచాట్లు. ‘రోబో’ అని మనం వాడే మాట చెక్ భాషలో దొర కోసం చేసే వెట్టికి పేరైన రొబోతా నుంచి వచ్చింది, ఆర్బైట్‌కి అది దూరపు చుట్టం. కాలక్రమంలో ఆర్బైట్ గౌరవం పెంచుకుంటూ పోయింది. కష్టం అనే అర్థం వెనక్కి తగ్గి, మనిషి చేసే ఏ పనికైనా మర్యాదైన మాటగా నిలబడింది. అప్పుడు నిజంగా ఒళ్లు విరిగే పనిని ఏమనాలి? ఆ ఖాళీలోకి దారిలో దొరికిన మెలోఖె వచ్చి కూర్చుంది. అరువు మాట ఎప్పుడూ ఖాళీగా ఉన్న కుర్చీలోనే కూర్చుంటుంది, తను ఇంటి దగ్గర ఏ కుర్చీలో కూర్చుందో ఇక్కడ ఎవరికీ పట్టదు.

ఇది మనకు కొత్త కాదు. పారసీలో చాకర్ అంటే సేవకుడు, చాకరీ అంటే కొలువు. ఇప్పటికీ బెంగాలీలో చాకరీ అంటే నెల జీతం వచ్చే ఉద్యోగం, పెళ్లి సంబంధాల్లో గొప్పగా చెప్పుకునేది. అదే మాట తెలుగులోకి వచ్చి గొడ్డుచాకిరీ, బండచాకిరీ, వెట్టిచాకిరీ అయింది. దానితో పాటే పారసీ దారిలో వచ్చిన నౌకరీకి ఏమీ కాలేదు, దాని మర్యాద దానికుంది. రెండూ ఒకే పెట్టెలో వచ్చాయి, ఒకటి కుర్చీలో కూర్చుంది, ఒకటి నేల మీద. మంచి ఉద్యోగానికి నౌకరీ ఉండగా ఇంకో మాట అక్కర్లేకపోయింది, జీతం లేని చాకిరీకి మాత్రం మనుషులు కొరత కాలేదు, మాటా కొరత కాలేదు.

రూర్ ప్రాంతానికి మలోఖెన్ చేరిన దారుల్లో ఒకటి ఊహించడం కష్టం కాదు. పక్కనే ఉన్న మ్యూన్‌స్టర్ నగరంలో పేదల వాడల్లో మాసెమాట్టె అని ఒక వాడుక భాష ఉండేది, యిడ్డిష్, రోమానీ, జర్మన్ కలిసినది. పశువుల సంతల్లో, గుర్రాల బేరాల్లో, తాపీపనుల దగ్గర నడిచేది. దక్షిణాన బవేరియాలో షోప్‌ఫ్లోఖ్ అనే చిన్న ఊళ్లోనూ యూదు పశువుల వ్యాపారుల నుంచి అంటిన ఇలాంటి వాడుకే ఒకటి, లఖౌడిష్ అని, యూదులు లేకపోయాక కూడా మిగిలింది. మన సంతల్లో తువ్వాలు కింద వేళ్లు పట్టుకుని బేరమాడినట్టే, అక్కడ హీబ్రూ అంకెలతో బేరమాడేవాళ్లు, కొనేవాడి ముందే, వాడికి తెలియకుండా.

పందొమ్మిదో శతాబ్దం నడిమి నుంచి రూర్‌లో బొగ్గు గనులు, ఉక్కు కొలుములు లేచాయి. పోజెన్, మజూరియా లాంటి తూర్పు ప్రాంతాల నుంచి లక్షల మంది వచ్చారు, వాళ్లలో చాలామంది పోలిష్ మాట్లాడేవాళ్లు. కార్మికుల కోసం టర్కీతో 1961లో చేసుకున్న ఒప్పందం తర్వాత అక్కడి నుంచీ వచ్చారు. ఎవరి మాటలు వాళ్లు తెచ్చుకున్నారు. పెద్ద సుత్తిని ఇప్పటికీ మోటెక్ అంటారు, అది పోలిష్ మాట. గనిని ప్యూట్ అంటారు. లాటిన్‌లో బావి అనే మాట నుంచి వచ్చిందది. గోదావరిఖనిలో మేం కూడా గని అనం, బాయి అంటాం, ‘మామ బాయికి పోయిండు’ అంటాం. భూమిలోకి నిట్టనిలువుగా దిగే గుంతను చూసి ఇద్దరికీ బావే గుర్తొచ్చింది. ఆ సంగతి కింది ఇంటాయనకు చెబితే చాలాసేపు నవ్వుకున్నారు.

ఈ జనం మధ్య మలోఖె రంగు మళ్లీ మారింది. తప్పించుకోవాల్సిన బరువుగా వచ్చిన మాట, మోసినందుకు తలెత్తుకుని చెప్పుకునే మాటైంది. ‘నేను మలోఖర్‌ని’ అంటే చదువుకోలేదు అని కాదు అర్థం, నా చేతులతో ఇల్లు నిలబెట్టాను అని. గెల్సెన్‌కిర్షెన్‌లోని షాల్కె ఫుట్‌బాల్ క్లబ్ 1904లో పుట్టింది, ఈరోజుకీ తమది గని కార్మికుల, మలోఖర్ల క్లబ్ అనే చెప్పుకుంటుంది. అక్కడి స్టేడియంలో ఆటగాళ్లు మైదానంలోకి వచ్చే దారిని గని సొరంగంలా కట్టారు. జర్మనీలో ఆఖరి నల్లబొగ్గు గని, బోట్రోప్‌లోని ప్రోస్పర్ హానియెల్, 2018 డిసెంబరు 21న మూతపడింది. ఆఖరి బొగ్గు గడ్డను పైకి తెచ్చి దేశాధ్యక్షుడి చేతిలో పెట్టారు. కింది ఇంటాయన ఆరోజు టీవీ ముందు నుంచి లేవలేదని వాళ్లావిడ చెప్పారు.

మలోఖెన్‌కి తోబుట్టువులున్నాయి. త్సోకెన్ అంటే జూదమాడటం, ఇప్పుడు కుర్రాళ్లు వీడియో గేమ్స్ ఆడటానికి కూడా ఇదే అంటున్నారు. హీబ్రూలో నవ్వు, ఆట అనే ధాతువు నుంచి వచ్చింది, ఇస్సాకు పేరులో ఉన్నదీ అదే ధాతువు. ష్మూజెన్ అంటే జర్మన్‌లో ముద్దుచేసి హత్తుకోవడం. యిడ్డిష్‌లో అది ఊరికే కబుర్లు చెప్పుకోవడం, హీబ్రూలో ‘విన్న సంగతులు’. కబుర్లలోంచి కౌగిలింతలోకి ఎలా వెళ్లిందో ఎవరైనా ఊహించుకోవచ్చు.

కానీ అన్నీ ఇంత హాయిగా ఉండవు. షాఖెర్న్ అనే మాట హీబ్రూలో వ్యాపారం అనే మాట నుంచి వచ్చింది, అందులో తప్పేమీ లేదు. జర్మన్‌లో అది నీచంగా, ఆశపోతుతనంతో బేరమాడటం. మౌషెల్న్ ఇంకా ఘోరం. మోషే ప్రవక్త పేరును యూదులు పలికే తీరును పట్టుకుని, యూదుడు అనేవాడికి వెక్కిరింపుగా మౌషెల్ అని పేరుపెట్టారు. దాన్నుంచి క్రియ చేశారు: మొదట యూదుడిలా మాట్లాడటం, తర్వాత చాటుమాటుగా కుమ్మక్కై పని కానిచ్చుకోవడం. ఈరోజు పేపర్లో ఎవరో రాజకీయ నాయకులు కాంట్రాక్టుల్లో మౌషెల్న్ చేశారని రాస్తారు, రాసినవాళ్లకు చాలాసార్లు ఆ మాట ఒక జాతి పేరు మీద వేసిన మచ్చ అని తెలిసి ఉండదు. నేను ఈ మాట వాడను. ఇవన్నీ కలిపి ‘జర్మన్‌లో సరదా యిడ్డిష్ మాటలు’ అని లిస్టులు వేసేవాళ్లు ఈ తేడా చెప్పాలి. మలోఖెన్‌లో అర్థం మారింది కానీ దాన్ని మాట్లాడిన మనిషిని అవమానించడానికి మార్చలేదు. మౌషెల్న్‌ని తయారుచేసిందే అవమానించడానికి.

ఆ మాటలు ఇచ్చినవాళ్లు ఏమయ్యారు అన్నది దాటవేయలేం. పడమటి యిడ్డిష్ పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచే తగ్గుతూ వచ్చింది, జర్మన్ యూదులు పౌరహక్కుల ఆశతో జర్మన్‌లోకి మారారు. 1933లో జర్మనీలో దాదాపు 5 లక్షల మంది యూదులుండేవాళ్లు. తర్వాత పన్నెండేళ్లలో యూరప్ మొత్తంలో నాజీలు చంపిన 60 లక్షల మందిలో అత్యధికులు తూర్పు యిడ్డిష్ మాట్లాడేవాళ్లు. మ్యూన్‌స్టర్ మాసెమాట్టె మాట్లాడిన యూదులను, రోమా జనంలో ఒక శాఖ అయిన సింతీలను కూడా వదల్లేదు. శిబిరాల ద్వారాల మీద నాజీలు ఆర్బైట్ అనే మాటను ఇనుప అక్షరాల్లో పెట్టారు. లోపల మనుషుల చేత చచ్చేదాకా చేయించిన పనికి ఆ మనుషుల భాషలోంచి అరువు తెచ్చుకున్న మాట ఒకటి అప్పటికే జర్మన్ల నోళ్లలో తిరుగుతోంది.

నేర్చుకునేవాళ్లకు వాడుక గురించి రెండు ముక్కలు. బాస్‌కి రాసే ఈమెయిల్‌లో మలోఖెన్ వద్దు, తోటి పనివాళ్లతో మాటల్లో బాగుంటుంది. దేశమంతా అర్థమవుతుంది, రూర్‌లో మాత్రం సొంత మాటలా వాడతారు. రోజంతా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని మలోఖ్ట్ అంటే ఈ తరం వాళ్లు ఒప్పుకుంటారు, కింది ఇంటాయన తరం ఒప్పుకోదు. ‘లో’ని ఒత్తండి, ఖని గొంతులోంచి తీయండి. గె పెట్టొద్దు.

ఈ కథంతా పోయిన ఆదివారం ఆయనకు చెప్పాను. 39 పనుల జాబితా దగ్గర ఆపి, అందులో తవ్వడం ఉందా అని అడిగారు. నేల దున్నడం ఉంది, తవ్వడాన్నీ అందులోనే లెక్క కడతారు అన్నాను. కాసేపు ఊరుకుని, “మెలోఖె” అని ఒకసారి మెల్లగా పలికి చూసుకున్నారు, ఒత్తు సరిగ్గా పడింది.